ఎవరి సౌలతు వాళ్లకు కనబడదు
(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



జాతి వివక్ష అనగానే మనకు అమెరికా యాదికొస్తుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్ పట్టణంలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక ఇంజనీరును ‘మా దేశం నుంచి పో’ అని అరుస్తూ ఓ తెల్లవాడు కాల్చి చంపాడు. అడ్డుపడిన మరో తెల్లవాడికీ తూటా తగిలింది. మనం దుఃఖపడ్డాం, కోపపడ్డాం. న్యాయమే. కానీ మనకు దెబ్బ తగిలినప్పుడే మాట్లాడితే అది సగం మాటే.

మిగతా సగం కోసం వందేళ్లు వెనక్కి పోదాం. భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం అక్కడి సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. అప్పుడు తెల్లవాళ్లకూ, ఆఫ్రికా మూలాలవాళ్లకూ మాత్రమే ఆ హక్కుండేది. రంగు చూసి హక్కులు పంచడం తప్పని ఆయన వాదించలేదు. తాను పైకులం ఆర్యుణ్ణి కనుక తెల్లవాడి కిందికే వస్తానన్నాడు. నల్లవాళ్లను తెల్లవాళ్లు చూసినట్టే ఆదివాసులను పైకులాలు చూస్తాయని, వియ్యమందవని, అదే రుజువని ఆయన తరఫున వాదన నడిచింది. 1923లో కోర్టు కాదు పొమ్మంది. తర్వాత పలువురు భారతీయుల పౌరసత్వాలు కూడా రద్దయినయి. గోడ కూలగొట్టమనకుండా గోడకు అవతల నాకు చోటియ్యమంటే జరిగేది ఇదే.

మరి మన పిల్లలకు దారి ఎట్ల దొరికింది? నల్లజాతి ప్రజలు లాఠీలు తిని, జైళ్లకు పోయి 1964లో పౌరహక్కుల చట్టం సాధించారు. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారింది. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పోయినయి. ఆ దారినే మన డాక్టర్లు, ఇంజనీర్లు పోయారు. అట్లాంటిది, అక్కడ స్థిరపడ్డ మనవాళ్లే ‘నల్లోళ్ల ఏరియాలో ఇల్లు కొనకు’ అంటుంటే ఏమనాలి?

సముద్రం దాటినా కులం వెంటే పోయింది. 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించిన తొలి అమెరికా నగరంగా సియాటెల్ నిలిచింది. దాన్ని వ్యతిరేకించినవాళ్లలో భారతీయులూ ఉన్నారు.

ఇక్కడి సంగతేంది? నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరుమీద హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ బస్తీయే ఉంది. ఆ సిద్దీల వారసులు తరాలుగా ఈ ఊరివాళ్లే. అయినా ఆఫ్రికా విద్యార్థి కనబడితే కిరాయిల్లు లేదంటాం. మనవాడే వస్తే ‘మీరేమిట్లు?’ అని అడిగి మరీ లేదంటాం.

సౌలతు అంటే నేరం కాదు. మనం కష్టపడలేదనీ కాదు. మన కష్టానికి తోడు కులమో రంగో అడ్డం రాలేదని అర్థం. పత్రికలో పనిచేసే మేం నాలుగు మాటలు రాస్తే అచ్చవుతాయి. అదే మాట ఆఫీసు ఊడ్చే అక్క చెబితే ఎవరు రాసుకుంటారు? మా సౌలతు అక్కడుంది.

మరి దీని గురించి ఎట్ల మాట్లాడుకోవాలి? ఒకరు తమ గాయం చెబుతుంటే ‘మాకు లేవా కష్టాలు’ అని అడ్డం పడొద్దు. ముందు వినాలి. ‘సరదాకన్నా’ అనే జవాబు వద్దు. మన యాసను సినిమాల్లో రౌడీలకూ జోకర్లకూ అంటగట్టి సరదాకే అన్నప్పుడు మనం ఒప్పుకున్నామా? సరదా వాళ్లది, సురుకు మనది. ఇంకొకరి విషయంలోనూ అదే లెక్క. మాట తప్పయితే మాటనే నిలదీద్దాం. మనిషిని తరిమితే అతను మారడు, నోరు మాత్రం మూసుకుంటాడు. అన్నిటికంటే ముఖ్యం, బాధితులు లేనిచోట మాట్లాడటం. వాళ్ల ముందు సమానత్వం చెప్పడం తేలిక. మన పెళ్లి విందులో, మన క్యాంటీన్లో, మన హాస్టల్ గదిలో జోకు పేలినప్పుడు నవ్వకుండా ‘ఇది తప్పు’ అనడం కష్టం. ఆ కష్టమైన పని మనదే. ఎందుకంటే అక్కడ మన మాట చెల్లుతుంది.