ముత్తాతగారి ఓడ ప్రయాణపు నోటుబుక్కు

(మచ్చ బొల్లారంలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం నలుగురం కలిస్తే పెన్షను బకాయిలు, మెడికల్ బిల్లుల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "అవి కాస్త పక్కన పెట్టి మీ ఇంట్లో దొరికిన డైరీ సంగతి చెప్పండి" అన్నారు. మా వంశం గొప్ప చెప్పుకోవడానికి నేను ఒప్పుకోలేదు. ఇటువంటి పుస్తకాలు మీ అటకల మీద కూడా ఉండవచ్చు. అవి ఎవరికి అక్కరకొస్తాయో మనవి చేద్దామని ఒప్పుకున్నాను.

ఊళ్లో పాత ఇల్లు అమ్మినప్పుడు ఒక ట్రంకు పెట్టె బొల్లారంలోని మా ఇంటికి చేరింది. దస్తావేజులు, పంచాంగాల అడుగున ఒక చిన్న నోటుబుక్కు కనిపించింది. పెన్సిలు రాత, సగం చెదలు. మా ముత్తాతగారు మద్రాసులో కాంపౌండరు పని నేర్చుకుని, 1900 తర్వాత కొన్నేళ్లకు, కూలీలను నేటాలుకు తీసుకుపోయే పొగ ఓడలో ఒకసారి వెళ్లి వచ్చారట. నేటాలంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు ఉన్న ప్రాంతం. సముద్రం దాటినవాడు కులానికి దూరమన్న రోజులు కాబట్టి, ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తినట్టు లేదు.

ఆ ఓడల సంగతి క్లుప్తంగా చెబుతాను. చెరకు తోటల్లో పనికి మనుషుల్ని తీసుకుని 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటి నుంచి 1911 దాకా నేటాలుకు వెళ్లినవారు మొత్తం 1,52,184 మంది. అందులో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవారే. వాళ్లలో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు చాలామంది. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఏటా ఒక షిల్లింగు పెంపు. అంతకు ముందే మారిషస్‌కు వెళ్లిన మనవారికి కోరంగి రేవు పేరు మీద 'కోరింగీలు' అనే పేరు వచ్చింది.

నోటుబుక్కులో సాహసాలేమీ లేవు. తాగే నీళ్ల కొలత, బియ్యం, పప్పు, ఎండుచేపల లెక్క, ఖర్చయిన మందుల జాబితా ఉన్నాయి. మగవాళ్లు ఓడ ముందు భాగంలో, ఒంటరి ఆడవాళ్లు వెనుక భాగంలో, సంసారులు నడుమ. మొదటి వారమంతా వాంతులే. గాలి బాగున్న సాయంత్రాలు డప్పు వినబడేదని ఒకచోట ఉంది. "ఆంధ్ర దేశపు మాట ఈ నీళ్ల మీద వింటే ప్రాణం లేచి వచ్చును" అని రాసుకున్నారు.

ఒక పుటలో మాత్రం మూడే పంక్తులు. ఒక స్త్రీకి బిళ్ల నంబరు రాసి, ఆమె బిడ్డ జ్వరంతో తెల్లవారుజామున పోయిందనీ, గుడ్డ చుట్టి సముద్రంలో విడిచారనీ ఉంది. కూలీలకు మెడలోనో చేతికో రేకు బిళ్ల కట్టేవారు, అందుకే పేరు బదులు నంబరు. మర్నాడు మళ్లీ బియ్యం లెక్కే.

మనం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రిజిస్టర్లు రాసినవాళ్లం. ఒక రిజిస్టరులో సగం సంగతి ఉంటే మిగతా సగం మరొక చోట ఉంటుందని మనకు తెలుసు. నేటాలుకు వెళ్లినవారి రిజిస్టర్లు డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ రాశారు. అక్కడి మునిమనవలు ఈనాటికీ వాటిని వెతికి తమ ఊరేదో తెలుసుకుంటున్నారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్న తెలుగువారు వాళ్లు. వాళ్ల దగ్గర పేర్లున్నాయి గాని, ఓడలో ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పే కాగితం చాలా ఇళ్లలో లేదు. మన దగ్గర రోజులున్నాయి, పేర్లు లేవు.

యాత్రలు రాసినవారు మనకు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి బయలుదేరి, మన హైదరాబాదు మీదుగానే కాశీకి వెళ్లి వచ్చారు. ఆ రాతలు 1838లో అచ్చయ్యాయి. పోతం జానకమ్మగారు ఇంగ్లండు వెళ్లివచ్చి తెలుగులో రాసుకున్నది 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. వీరు చదువూ తీరికా ఉన్నవారు. వేలిముద్ర వేసి ఓడెక్కినవారి తరఫున రాసిందెవరు? ఇటువంటి కాంపౌండర్లు, గుమాస్తాలే, అదీ లెక్కల మధ్యలో.

మా ఇంట్లో దీని మీద వాదం జరిగింది. "ముత్తాత కూలీల ఓడలో కొలువు చేశాడని ఊరంతా చాటుకోవాలా?" అన్నారు ఒకరు. ఆ మాటలో బాధ ఉంది, కాదనను. ఆయన జీతం తీసుకుని ఆ పని చేశారు. ఆ మూడు పంక్తులు రాసింది కూడా ఆయనే. రెండింటినీ కలిపే ఉంచాలన్నాను. చివరకు అందరూ ఒప్పుకున్నారు. నకలు ఒకటి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు, మరొకటి డర్బన్‌కు పంపుతున్నాం. ఓడ పేరు, తేదీ, ఆ నంబరు ఇక్కడ చెప్పను. ఆ తల్లి తాలూకువారు ఎవరైనా ఉంటే ముందు వాళ్లకు తెలియాలి.

మీ ఇళ్లలో పాత పుస్తకం దొరికితే లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి, ఎండలో పెట్టకండి. పుటలను వరుస తప్పకుండా ఫోటో తీయండి. తప్పొప్పులు దిద్దకుండా ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. పాత చేతిరాత చదవగలిగినవాళ్లం మనమే మిగిలాం. పిల్లలు చదవలేరు. మనం పోయాక అది రద్దీ కాగితాల్లోకి పోతుంది. ఇది మనం చేయగల పని, ఓపిక ఉండగానే చేయాలి.