టైమ్ టేబుల్‌లో పిల్లవాడి చోటు
(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠం)



బడులు తెరిచే రోజుల్లో టైమ్ టేబుల్ వేయడానికి సాయం రమ్మని మనలో ఉపాధ్యాయులుగా పనిచేసిన వారిని హెడ్మాస్టర్లు పిలుస్తూ ఉంటారు. ఇదివరకు గళ్ళ కాగితం, పెన్సిలు, రబ్బరు ఉంటే చాలు. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోబెడుతున్నారు. రొమేనియా దేశస్థుడు లివియు లాలెస్కు తయారుచేసిన ఫెట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మనం రోజుల తరబడి తల పట్టుకు కూర్చున్న పనిని అది చాలా త్వరగా ముగిస్తుంది. అయితే పిల్లలను ఏయే గ్రూపులుగా విడదీయాలో దానికి తెలియదు. అది మనమే చెప్పాలి. ఈనాటి నా మనవి దాని గురించే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిదవ తరగతిలో ఎ, బి సెక్షన్లు, సెక్షన్‌కు 45 మంది. అందరూ ఇంగ్లీషు మీడియమే. మొత్తం 90 మందిలో 78 మందికి మొదటి భాష తెలుగు, 12 మందికి ఉర్దూ. ఆ 12 మందిలో 7గురు ఎ లో, 5గురు బి లో ఉన్నారు.

పాత అలవాటు కొద్దీ సెక్షన్ల పేర్లు మాత్రమే ఇస్తే ఏమవుతుంది? ఎ సెక్షన్‌కు తెలుగు జరిగేటప్పుడు బి సెక్షన్‌కు లెక్కలు పడవచ్చు. ఉర్దూ పండిట్ గారు 12 మందినీ ఒకచోటికి పిలిస్తే బి సెక్షన్ పిల్లలు 5గురికి లెక్కలు పోతాయి. పిలవకపోతే ఉర్దూ పిల్లలు తెలుగు పీరియడ్‌లో వెనుక బెంచీ మీద ఊరికే కూర్చుంటారు. గోడకు అంటించిన చార్టులో మాత్రం ఒక్క తప్పూ కనబడదు. కానీ పదవ తరగతికి వచ్చాక పబ్లిక్ పరీక్షలో ఉర్దూ పేపరు వారు రాయవలసిందే కదా!

ఫెట్‌లో దీనికి ఏర్పాటు ఉంది. అందులో సంవత్సరం, గ్రూపు, ఉపగ్రూపు అని మూడు అంతస్తులు. ఎనిమిదవ తరగతి మొత్తాన్ని ఒక సంవత్సరంగా తీసుకొని, సెక్షన్ ప్రకారం, భాష ప్రకారం విభజించమంటే 4 ఉపగ్రూపులు వస్తాయి. వారమంతా కలిసి నడిచే పిల్లల జట్టే ఉపగ్రూపు. ప్రతి పిల్లవాడూ ఒక్క ఉపగ్రూపులోనే ఉంటాడు. ఒకే ఉపగ్రూపు ఉన్న రెండు గ్రూపులకు ఒకే సమయంలో పాఠాలు పడవు. మొదటి భాష పాఠాలు మూడూ, అనగా రెండు తెలుగు, ఒక ఉర్దూ, ఒకే వేళకు మొదలవ్వాలని షరతు పెడితే సరిపోతుంది.

అందుకు ఇద్దరు తెలుగు పండిట్లు, మూడు గదులు కావాలి. తెలుగు పండిట్ ఒక్కరే ఉంటే సెక్షన్ల వారీగా పోవాలి. అప్పుడు ఉర్దూ పండిట్ గారికి పీరియడ్లు రెట్టింపవుతాయి. అదీ వీలుకాక కంప్యూటర్ "కుదరదు" అంటే, చాలాసార్లు అది ఉపాధ్యాయుల కొరత గురించి చెబుతున్న మాటే. ఆ కాగితం జతచేసి పైఅధికారులకు పోస్టు కోసం రాయండి. అంతేగాని చార్టు కుదరడం కోసం ఆ 12 మందిని తీసివేయకండి.

ఇంకొక జాగ్రత్త. లెక్కలలో మూడు స్థాయిల గ్రూపులు కూడా చేర్చితే 2×2×3, అనగా 12 ఉపగ్రూపులు తయారవుతాయి. కొన్నింటిలో పిల్లలే ఉండరు. వాటిని తొలగించాలి. లేకపోతే లేని పిల్లవాడి కోసం కూడా సాఫ్ట్‌వేర్ చోటు అట్టిపెడుతుంది. ఆ స్థాయి గ్రూపులు లెక్కల పీరియడ్‌కే పరిమితం కావాలి. పిల్లలు ముందుకు వచ్చిన కొద్దీ మారుతూ ఉండాలి. ప్రాథమిక తరగతులలో ప్రథమ్ సంస్థ పద్ధతి కూడా రోజులో కొంత సమయమే స్థాయిని బట్టి కూర్చోబెట్టడం. తెలివైనవారు ఎ, తక్కినవారు సి అని సెక్షన్లే విడదీస్తే పిల్లవాడికి ఏడాది పొడవునా ఆ ముద్ర పోదు.

కనుక మిత్రులారా, ఈసారి మిమ్మల్ని పిలిచినప్పుడు ముందు ఉపాధ్యాయుల జాబితా కాదు, పిల్లల జాబితా అడగండి. ప్రతి పేరు పక్కన సెక్షను, భాష రాయించండి. చార్టు పూర్తయ్యాక అతి చిన్న గ్రూపు నుంచి ఒక పిల్లవాడిని తీసుకొని, సోమవారం మొదటి పీరియడ్ నుంచి శనివారం చివరి పీరియడ్ వరకు వాడు ఎక్కడ కూర్చుంటాడో వేలు పెట్టి చూడండి. వాడికి చోటు దొరికితే ఆ టైమ్ టేబుల్ మంచిదే. ఈ పనికి కంప్యూటర్ విద్య అక్కరలేదు, మన అనుభవం చాలు.