మారే వాతావరణములో రేవుల వద్ద కొరమీను వేట



పటమట ప్రక్కగా బందరు వరకు పారు కాలువపై ఒకప్పుడు సరుకు పడవలు నడిచినవి. పడవలు పోయినను రేవుమెట్లు, లాకుల గోడలు, వంతెన దిమ్మెలు మిగిలినవి. కొరమీను పొంచియుండి ఎరను పట్టు చేప. నీటి ఒరవడి తగ్గి నీడ పడు ఇట్టి తావులే దానికి ఇష్టము.

ఎండ కాయునపుడు అది మరుగు విడువదు. మెట్ల చెంత, గుర్రపుడెక్క అంచున గాలము వేయవలెను. కప్పపిల్లగాని, చిన్నచేపగాని మంచి ఎర. మబ్బు పట్టినపుడు చేప బయటికి వచ్చి తిరుగును. అపుడు రేవుకు రెండు మూడు గజముల ఎడముగా వేసి చూడండి. వాన వెలిసిన పిదప చేలనీరు కాలువలో పడుచోట పురుగులు, చిన్నచేపలు చేరును. కొరమీనును అచటనే వెదకవలెను. నీరు మరీ బురదయైనచో ఎర కానరాదు. తేటపడువరకు ఆగుట మేలు.

ముసురు పట్టిన దినములలో నీటిమొక్కలకు వెలుగు చాలక నీటిలోని ప్రాణవాయువు తగ్గును. చెరువులలో బొచ్చె, రోహు తెల్లవారుజామున పైకి తేలి నోరు తెరచుట ఇందువలననే. కొరమీనుకు గాలి పీల్చు అవయవము వేరుగా కలదు. అది ఏ వాతావరణములోనైనను ఊపిరికై పైకి వచ్చిపోవుచుండును. ఆ కదలికను కనిపెట్టినవానికే చేప దక్కును.

ఇక ముఖ్యమైన మాట. వానకాలములో ఎర్రని పిల్లల గుంపు నీటిపై కనిపించును. దాని క్రిందనే పెద్దచేపలు కాపలా కాయుచుండును. దగ్గరకు వచ్చినదానిపై అవి తిరుగబడును గనుక గాలమునకు సులభముగా చిక్కును. సులభమని పట్టితిమా, కాపలా లేని పిల్లలు ఇతర చేపల పాలగును. మనకు ఒకపూట కూర దక్కును. కాలువకు ఒక తరము పోవును. అట్టి రేవును వదలి మరొక రేవుకు వెళ్ళండి.

ఉరుము వినిపించిన వెంటనే గెడ దించి పక్కా ఇంటిలోనికి చేరవలెను. చెట్టు క్రింద నిలువరాదు. కాలువ నిండుగా పారునపుడు లాకు తలుపుల దరికి పోరాదు. పైరుపై మందు చల్లిన పిదప వాన కురిసి చేపలు తేలినచో వాటిని తినరాదు; ఆ నీరు పశువులకు పెట్టరాదు. పట్టణపు మురుగు కలియుచోట గాలమే వేయవద్దు.

మబ్బును చూచి నారు పోయు రైతుకు మబ్బును చూచి గాలము వేయుట క్రొత్త విద్య కాదు. చేలో విత్తనము మిగుల్చుకొన్నట్లే, కాలువలో తల్లిచేపను మిగుల్చుకొనవలెను.