ట్రాక్టర్‌ ఎయిర్‌ ఫిల్టర్‌: కొనేముందు చూసుకోండి
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఎండు నేలలో రోటవేటర్‌ తోలితే లేచే దుమ్ము మన కళ్లలోకే కాదు, ఇంజన్‌లోకీ పోతుంది. దాన్ని ఆపేది ఎయిర్‌ ఫిల్టర్‌ ఒక్కటే. అది ఆపకపోతే పిస్టన్‌ రింగులు, లైనర్లు అరిగిపోతాయి. బండి ఆయిల్‌ తాగుతుంది, లాగుడు తగ్గుతుంది, చివరికి ఇంజన్‌ బోరుకొస్తుంది.

పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఆయిల్‌ బాత్‌ ఉంటుంది. గిన్నెలో ఆయిల్‌ గీత వరకే పోయండి, బురదగా మారితే మార్చండి. గీత దాటితే ఇంజన్‌ ఆ ఆయిల్‌ను పీల్చేస్తుంది.

డ్రై టైపులో కాగితం ఎలిమెంట్‌ ఉంటుంది. కొనాల్సివచ్చేది దీన్నే. నేనూ ఒకసారి చవగ్గా వస్తోందని బిల్లు లేకుండా కొన్నాను. సీలు సరిగా కూర్చోలేదు. నాలుగు రోజులకు గాలి గొట్టం విప్పితే లోపల దుమ్ము చార! అందుకే చెబుతున్నా: బండి పుస్తకంలోని పార్టు నంబరు చూసి కొనండి. రబ్బరు సీలు మెత్తగా, మడతలు సమంగా ఉండాలి. లోపల బల్బు పెడితే ఎక్కడా చుక్కలా వెలుగు కనపడకూడదు.

శుభ్రం చేసేటప్పుడు టైరుకేసి కొట్టొద్దు. తక్కువ ఒత్తిడితో లోపలినుంచి బయటికి గాలి కొట్టండి. లోపల సేఫ్టీ ఎలిమెంట్‌ ఉంటే దాన్ని కడగొద్దు, కొట్టొద్దు, మార్చేయండి.

బిల్లు తప్పక అడగండి. నాసిరకం అంటగడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఒక్కడు అడిగితే విసుక్కునే దుకాణదారు, పదిమంది కలిసి వెళితే బిల్లు రాస్తాడు. సంఘం ఉన్నది అందుకే.