నూజివీడు జమీందారీ: కోట చెప్పని కథ

తిరువూరు నుంచి విస్సన్నపేట మీదుగా నూజివీడు వెళ్లే దారిలో మామిడితోటలు కనిపిస్తాయి. ఎగువన ఒకప్పటి నైజాం సరిహద్దు, దిగువన కృష్ణా డెల్టా, నడుమ ఈ మెట్టసీమ. ఇది జమీందారుల ఏలుబడి బలంగా సాగిన నేల. వారిలో పేరుమోసినవారు నూజివీడు మేకా వంశపు అప్పారావులు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోనూ, నూజివీడు ఏలూరు జిల్లాలోనూ చేరాయి. పాత చరిత్రకు ఆ గీతలు పట్టవు. నూజివీడు అనగానే కోట, రాజావారు, రసాలు, వీణలు గుర్తుకొస్తాయి. అవన్నీ ఉన్నవే. కానీ ఆ జమీందారీ తలరాతను మార్చినది ప్రతిసారీ శిస్తే. శిస్తు ఎవరు ఎవరికి ఎంత కట్టాలన్న ప్రశ్నకు జవాబు మారినప్పుడల్లా ఈ ఎస్టేటు రూపం మారింది.

ఆధారాలు చూద్దాం. మొదట్లో జమీందారు భూమికి యజమాని కాడు. రైతు దగ్గర శిస్తు వసూలు చేసి, తన వంతు ఉంచుకుని, పైవారికి పేష్కషు చెల్లించే అధికారి. ఆ పని సాగడానికే ఆయనకు కోట, బలగం. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక పేష్కషు బాకీల దగ్గరే తగువు మొదలైంది. 1780లలో కంపెనీ సైన్యం నూజివీడు కోటను పట్టుకుంది. 1802లో పేష్కషును శాశ్వతంగా ఖాయం చేసే శాశ్వత పైసలా వచ్చింది. పాత జమీందారీని నూజివీడు, నిడదవోలు అని రెండుగా చేసి అన్నదమ్ములకు సన్నదులు, అంటే హక్కుపత్రాలు, ఇచ్చారు. అంతటితో కత్తి పని అయిపోయి కాగితం పని మొదలైంది. పేష్కషు గడువుకు కడితే ఎస్టేటు నిలుస్తుంది, కట్టకపోతే వేలానికి పోతుంది. ఆ కాగితం బలం ఎంతటిదో 1879లో తేలింది. ఎస్టేటు మొత్తం పెద్ద కొడుక్కే చెందాలా, అన్నదమ్ములందరికీ పంచాలా అన్న వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1802 సన్నదుతో దక్కినది పాత రాజ్యం కాదు, మామూలు ఆస్తి, కాబట్టి పంచుకోవచ్చని తీర్పు వచ్చింది. వుయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు వంటి ఎస్టేట్లు ఆ పంపకాల ఫలమే.

జమీందారులు కూడా కంపెనీ ఒత్తిడికి నలిగినవారే కదా, రైతుల మీద పడ్డ శిస్తు భారానికి తప్పంతా వారిమీద వేయడం న్యాయమా అని కొందరు అడుగుతారు. నలిగిన మాట నిజమే. అయితే 1802 ఒప్పందంలో ఒక తేడా ఉంది. జమీందారు సర్కారుకు కట్టేది శాశ్వతంగా ఖాయమైంది. రైతు జమీందారుకు కట్టేదానికి అలాంటి భరోసా దొరకలేదు. పంట విలువ పెరిగినకొద్దీ ఆ నడుమ మిగులు ఎస్టేటు ఖజానాకు చేరింది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగుహక్కు ఇచ్చి ఈ లోటును కొంత పూడ్చింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1938లో ఇంకా ముందుకెళ్లి, భూమికి హక్కుదారు రైతేననీ, శిస్తును 1802 నాటి మట్టానికి దించాలనీ చెప్పింది. చివరికి 1948 చట్టం జమీందారీలనే రద్దు చేసింది. రద్దు కూడా ఏకపక్షంగా సాగలేదు. జమీందారులకు నష్టపరిహారం అందింది, సొంత కమతం భూములకు పట్టాలూ దక్కాయి.

మరో ఆక్షేపణ ఇంకా బలమైనది. ఆ మిగులు లేకపోతే కళలు, చదువులు ఎక్కడివి అంటారు. మీర్జాపురం రాజా మేకా వెంకట్రామయ్య అప్పారావు మద్రాసులో శోభనాచల స్టూడియో నడిపారు, 1949లో ‘కీలుగుర్రం’ తీశారు. అదే ఏడు ఆయన భార్య సి. కృష్ణవేణి నిర్మించిన ‘మనదేశం’తో నందమూరి తారక రామారావు తెరకెక్కారు. నూజివీడు నుంచి శాసనసభకు ఎన్నికైన ఎం.ఆర్. అప్పారావు మంత్రిగా పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. నూజివీడులోని విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఆయన పేరే ఉంది. ఈ సేవను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ సినిమాలు జమీందారీ రద్దు చట్టం వచ్చిన మరుసటి ఏడాదివి. ఆ మంత్రి పదవి ఓట్లతో వచ్చినది. శిస్తు పోతే సంస్కృతి పోతుందన్న భయాన్ని ఆ కుటుంబాల చరిత్రే తోసిపుచ్చింది.

ఈ సంగతి మన ఒక్క ఊరిదే కాదు. ఇటలీలోని టస్కనీలో మెడిచీ వంశం కట్టించిన 12 విల్లాలు, 2 తోటలు 2013లో యునెస్కో జాబితాకెక్కాయి. ఆ సీమలోనే రైతు పంటలో సగం భూస్వామికి కొలిచే కోరు పద్ధతి శతాబ్దాలు నడిచింది. అలాంటి కొత్త ఒప్పందాలను 1964లో చట్టం ఆపింది. యాత్రికుడికి చూపేది విల్లా, దాన్ని నిలబెట్టింది కోరు. రెండూ కలిపి చెబితేనే చరిత్ర నిండుగా ఉంటుంది.

కనుక నూజివీడు కోటను చూడండి, మెచ్చుకోండి. దాంతోపాటు మీ ఇళ్లలో పాత పట్టాలు, శిస్తు రసీదులు, దస్తావేజులు ఉంటే చిత్తుకాగితాల్లో పడేయకండి. చెదలు పట్టకముందే వాటికి నకళ్లు తీయించి, ఊరి గ్రంథాలయంలోనో కళాశాలలోనో ఒక ప్రతి ఉంచండి. రాజుల చరిత్ర రాసిన వారున్నారు. రైతుల చరిత్ర రాయాలంటే మాత్రం ఆ కాగితాలే దిక్కు.