బెల్టు దగ్గర పొదుపు పనికిరాదు

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో కత్తుల పదును యూనిట్ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



మేము నలుగురం కలిసి బెల్టు మిషను మీద కత్తులకు, కత్తిపీటలకు, కొడవళ్ళకు పదును పెట్టే పని చేస్తున్నాం. మా అప్పు ఎంత, కట్టింది ఎంత అన్నది ఈ పుస్తకంలోనే వేరే చోట ఉంటుంది కాబట్టి ఆ లెక్క ఇప్పుడు చదవం. ఇంకొన్ని సంఘాల వాళ్ళు ఈ పని తామూ పెట్టుకుంటామని మమ్మల్ని అడిగారు. ఏ మిషను కొనాలి, ఏ బెల్టు కొనాలి, మేము ఎక్కడ దెబ్బ తిన్నాం అన్నది దాచకుండా చెప్తాం. మేము నష్టపోయి నేర్చుకున్నది మీరు వింటే చాలు, మళ్ళీ నష్టపోనక్కర్లేదు.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. మొదట్లో మిషను కొనలేదు. వడ్రంగి పనికి వాడే చేతి బెల్టు మిషను ఒకటి అడిగి తెచ్చుకుని, బల్లకు తిరగేసి బిగించాం. కత్తి ఆనించగానే నిప్పురవ్వలు లేచాయి. ఆ మిషనుకు వెనకాల దుమ్ము సంచి ఉంటుంది. అందులో అంతకుముందు చెక్క గీసిన పొట్టు ఉంది. రవ్వలు పోయి పొట్టులో పడ్డాయి, కాసేపటికి సంచి పొగలు కక్కింది. పక్కన నీళ్ళ బక్కెట్టు ఉండబట్టి బతికాం. చెక్క గీసిన మిషను మీద ఇనుము గీయాలంటే ముందు సంచి ఊడదీసి, పొట్టంతా దులిపెయ్యాలి. ఆ సంగతి మాకు అప్పటికి తెలియదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. పొదుపు సంఘం వాళ్ళం కదా, ప్రతి రూపాయి దగ్గరా చెయ్యి వెనక్కి లాగే అలవాటు. బెల్టు అరిగిపోయినా "ఇంకో పది కత్తులు వస్తాయిలే" అని అదే వాడేవాళ్ళం. ఒకరోజు బజారులో చేపలు కోసే అక్క తన కత్తిపీట తెచ్చింది. అరిగిన బెల్టు మీద అది ఎంతకీ తెగట్లేదని గట్టిగా నొక్కి పట్టాం. మొన దగ్గర నీలి రంగు తేలింది. మెరుపు వచ్చిందనుకుని ఇచ్చేశాం. రెండో రోజే ఆమె తిరిగొచ్చింది. "అమ్మా, ఈ పీట మీదే మా ఇల్లు నడుస్తోంది. నిన్న బేరాలన్నీ పక్కామెకు పోయాయి" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే మాకు అంత బాధ ఉండేది కాదు.

కమ్మరి దగ్గరికి తీసుకెళ్తే ఆయన చూడగానే చెప్పాడు, ఇనుము కాలిందని. ఉక్కును కాల్చి, చల్లార్చి ఇచ్చిన గట్టిదనం మళ్ళీ వేడెక్కితే పోతుంది. మామూలు ఉక్కు మీద గడ్డి రంగు కనపడిందంటే వేడి 200 డిగ్రీలు దాటినట్టు. నీలి రంగు వచ్చిందంటే 300 దగ్గరకు చేరినట్టు. అంచు సన్నగా ఉంటుంది కనుక రెప్పపాటులో అంత వేడెక్కుతుంది. నీలి రంగు పైపైన తుడిచేసినా మెత్తబడిన ఇనుము గట్టిపడదు. ఆ పీటకు మళ్ళీ కొలిమి పెట్టించి, ఖర్చు మేమే పెట్టుకుని ఇచ్చాం. కొత్త బెల్టు కొనకుండా మిగుల్చుకున్న డబ్బుకంటే అది ఎన్నో రెట్లు ఎక్కువైంది.

ఇక మిషను సంగతి. కొనే ముందు మూడు చూడండి.

మొదటిది మోటారు వేగం. మోటారు రేకు మీద నిమిషానికి ఎన్ని చుట్లో రాసి ఉంటుంది. మామూలుగా 1440 గానీ 2880 గానీ ఉంటాయి. బెల్టును తిప్పే చక్రం 4 అంగుళాలదైతే 1440 మోటారు మీద బెల్టు నిమిషానికి సుమారు 1500 అడుగులు పరుగెత్తుతుంది. 2880 మీద 3000 అడుగులు. కొత్త కత్తి తయారుచేసేవాళ్ళకు ఆ వేగం కావాలి. పదును పెట్టడానికి వచ్చే మనకు నిదానమే మంచిది, వేడి తక్కువ. మేము లేతు షాపులో చేయించుకున్న మిషనుకు 1 హార్స్‌పవర్, 1440 మోటారు పెట్టించాం.

రెండోది బెల్టు పొడవు. చేతి మిషను బెల్టు 21 అంగుళాలు. మా ఇప్పటి మిషను బెల్టు 72 అంగుళాలు పొడవు, 2 అంగుళాలు వెడల్పు. పొడుగు బెల్టు మీద ప్రతి గరుకు గింజకూ తన వంతు వచ్చేలోపు చల్లారే సమయం దొరుకుతుంది, బెల్టు కూడా ఎక్కువ రోజులు వస్తుంది. బల్ల మీద పెట్టే చిన్న మిషన్లకు 1 అంగుళం వెడల్పు, 30 అంగుళాల పొడవు బెల్టు పడుతుంది. ఇళ్ళ కత్తులకు అదీ చాలు. ఏది కొన్నా ముందు ఆ కొలత బెల్టులు మీకు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని తర్వాతే మిషనుకు డబ్బు కట్టండి.

మూడోది బెల్టు వెనక ఆనే ఇనుప పలక. అది సమంగా ఉండాలి. పలక పైన గానీ కింద గానీ బెల్టు వదులుగా పరుగెత్తే కొంత జాగా కూడా ఉండాలి. నిలువు కత్తిని పలక మీద పడతాం, వంపు కత్తిని వదులు జాగాలో పడతాం.

ఇప్పుడు బెల్టులు. బెల్టు వెనక ఉండే నంబరు చిన్నదైతే గింజ పెద్దది, నంబరు పెద్దదైతే గింజ సన్నం. పళ్ళు పడిన, మొన విరిగిన కత్తికి 80. మొద్దుబారిన కత్తికి 120 తో మొదలుపెట్టి 240, ఆ తర్వాత 400. వంటింటి కత్తికి 80 అసలు అవసరం రాదు. దానితో మొదలుపెడితే ఇనుము ఊరికే అరిగిపోతుంది, ఆ గీతలు పోగొట్టడానికి మిగతా బెల్టులన్నీ అరుగుతాయి. నంబరు ముందు 'పి' అక్షరం ఉందో లేదో కూడా చూడండి. పి 400 కన్నా, పి లేని 400 సన్నం. రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

రంగును బట్టి కూడా మాట్లాడతారు షాపువాళ్ళు. మట్టి రంగులో ఉండేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్, ధర తక్కువ, పదును పనికి చాలు. జిర్కోనియా, సిరామిక్ బెల్టులు ఖరీదు. వాటిని గట్టిగా నొక్కితేనే గింజ విరిగి కొత్త కోణాలు బయటపడతాయి. మనం నొక్కకుండా చేసే పనికి ఆ డబ్బు దండగ. 80 నంబరు ఒక్కటి మాత్రం మేము జిర్కోనియా తీసుకుంటాం. బెల్టు గుడ్డ సులువుగా వంగేది అడగండి, వంపు కత్తులకు బాగుంటుంది. చివరగా తోలు బెల్టు ఒకటి. దానికి ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాసి ఒకటి రెండు సార్లు ఆనిస్తే అంచు మీద మిగిలిన గరుకు పోతుంది.

కత్తిపీట, కొడవలి లోపలికి వంగి ఉంటాయి. 2 అంగుళాల బెల్టు ఆ వంపులో ఇమడక, అంచులతో గాట్లు పెడుతుంది. అందుకు మేము గుడ్డ బెల్టునే నిలువునా చింపి 1 అంగుళం బెల్టులు రెండు చేసుకుంటాం. చివర చిన్న గాటు పెట్టి లాగితే తిన్నగా చిరుగుతుంది. బెల్టు దగ్గర మాకు తెలిసిన న్యాయమైన పొదుపు ఇదొక్కటే. పళ్ళ కొడవలి మాత్రం బెల్టుకు ఆనించకండి, పళ్ళు పోతాయి. దర్జీ కత్తెరలు కూడా మేము తీసుకోవట్లేదు. రెండు రేకులు ఒకదానికొకటి ఆనే లోపలి వైపు కొంచెం చెడినా ఇక గుడ్డ తెగదు. రాని పని రాదని చెప్పడమే మర్యాద.

పట్టే విధానం. బెల్టు కత్తి వెన్ను వైపు నుంచి వచ్చి అంచు మీదుగా అవతలికి పోవాలి. అంచు బెల్టుకు ఎదురైతే గుడ్డలో దిగబడి కత్తి చేతిలోంచి ఎగురుతుంది. వంటింటి కత్తికి ఒక్కో వైపు 20 డిగ్రీల లోపు వాలు చాలు, బొండాల కత్తికి, మాంసం కత్తికి 25 నుంచి 30. డిగ్రీలంటే భయపడకండి. చదరపు కాగితాన్ని మూల నుంచి మడిస్తే 45, మళ్ళీ మడిస్తే ఇరవై రెండున్నర. ఆ కాగితం పక్కన పెట్టుకుని చూసుకోవడమే. అంచు మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి ఒకసారి ఆనిస్తే బెల్టు ఎక్కడ తగులుతోందో రంగు పోయిన చోటు చెప్తుంది. ఒక్కసారి లాగగానే నీళ్ళలో ముంచాలి. మళ్ళీ తుడిచి, రెండో వైపు. అవతలి వైపు అంచు పొడుగునా సన్నని గరుకు తగిలితే ఆ నంబరు పని అయిపోయినట్టే, తర్వాతి బెల్టుకు వెళ్ళాలి.

జాగ్రత్తలు. కొంగు నడుముకు దోపి పైన చొక్కా గానీ ఏప్రన్ గానీ వేసుకోవాలి. జడ ముడి వెయ్యాలి. గాజులు తీసెయ్యాలి. శుభకార్యానికి వెళ్ళేటప్పుడు వేసుకుందాం, మిషను దగ్గర వద్దు. గ్లౌజులు కూడా వద్దు. బెల్టు లాక్కుంటే వేళ్ళతో సహా పోతాయి, పైగా వేడి తెలియదు. వట్టి వేలికి వెచ్చగా తగలగానే ముంచెయ్యాలి. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి, ఇనుప దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్ళ బక్కెట్టు ఉండే చోట కరెంటు పని కాబట్టి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. బెల్టు మార్చేటప్పుడు స్విచ్చు ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. బెల్టు లోపల బాణం గుర్తుంటే తిరిగే వైపుకే వెయ్యాలి. బెల్టులను మడవకండి, తడి తగలని చోట మేకుకు వేలాడదీయండి.

చివరిగా లెక్క. మేము మొదట కత్తికి ఇంత అని రేటు పెట్టినప్పుడు కరెంటు రాసుకున్నాం, కిస్తీ రాసుకున్నాం, మా కూలి రాసుకున్నాం. బెల్టు రాసుకోలేదు. అందుకే కొత్తది తియ్యాలంటే చేతులు రాలేదు. ఇప్పుడు ప్రతి బెల్టు వెనక వేసిన తేదీ రాసి, ఎన్ని కత్తులు వచ్చాయో గీతలు పెడుతున్నాం. ఉదాహరణకు బెల్టు 150 రూపాయలు అనుకుందాం. 120 నంబరు మీద 30 కత్తులు, 240 మీద 50, 400 మీద 75 వస్తే, ఒక్క కత్తికి 5, 3, 2 కలిపి 10 రూపాయల బెల్టు ఖర్చు. మీ గీతలు మీ లెక్క చెప్తాయి. ఆ పది ముందే రేటులో కలుపుకుని, విడిగా డబ్బాలో వెయ్యండి. రవ్వలు తగ్గినా, గట్టిగా నొక్కాల్సి వస్తున్నా, కత్తి తొందరగా వేడెక్కుతున్నా ఆ బెల్టు పని అయిపోయింది. డబ్బాలో డబ్బు ఉంటే తీసి పారెయ్యడానికి మనసొప్పుతుంది.

ఆ చేపల అక్క మళ్ళీ మా దగ్గరికి రావడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు పీట ఇచ్చి పక్కనే కూర్చుంటుంది. ప్రతిసారీ నీళ్ళలో ముంచుతున్నామా లేదా అని చూస్తుంది. చూడనివ్వండి అంటాం మేము. మన దగ్గరికి వచ్చే ప్రతి కత్తి వెనకా ఒక ఇంటి పొయ్యి ఉంది. ఈ పని మొదలుపెట్టాలనుకునే సంఘాల అక్కలు ఒక రోజు మా షెడ్డుకు రండి, మీ ఇంటి కత్తి ఒకటి తెచ్చుకోండి. దాని మీదే నేర్చుకుందాం.