ఒంట్లో ఉప్పు - రేడియో చూపు



పప్పులో ఉప్పు ఎంత పడిందో నాలుకకి తెలుస్తుంది. మరి పొలంలో ఉప్పు ఎంత చేరిందో ఎలా తెలుస్తుంది? మన కోనసీమలో సముద్రం దాపున ఉన్న ఊళ్ళ రైతుల్ని అడిగి చూడండి. భూసార పరీక్ష కార్డులో ఇ.సి. అని ఒక గడి ఉంటుంది. మట్టిని నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళలోంచి కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి వేసే అంకె అది. ఉప్పు ఎక్కువైతే కరెంటు సులువుగా పారుతుంది, అంకె పెరుగుతుంది. నేల చౌడుబారుతోందని రైతు జాగ్రత్తపడతాడు.

మన ఒళ్ళూ అలాంటి నేలే నండీ! కొవ్వులోంచీ, ఎముకలోంచీ కరెంటు అంతగా పారదు. కండలోంచి బాగానే పారుతుంది. మెదడు చుట్టూ ఉండే నీటి సంగతి చెప్పనే అక్కర్లేదు. మెదడులోని తెల్లని భాగంతో పోలిస్తే సుమారు ఆరు రెట్లు! జబ్బు చేసిన చోట నీరూ, ఉప్పూ మారతాయి. అంచేత ఈ అంకె కూడా మారుతుంది.

కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం, అంటే మన ఉప్పులో ఉండేదే, ఎక్కువ. ఈ తేడా ఊరికే నిలవదు. రాత్రింబవళ్ళు తోడిపోసే పంపులు ప్రతి కణానికీ ఉన్నాయి. వాటిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్కౌ 1957లో కనిపెట్టాడు. ఆ పంపులకి కావలసిన ఇంధనం పేరు ఎ.టి.పి. దాన్ని కండరాల్లో 1929లో మొట్టమొదట గుర్తించినవారిలో మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికా వెళ్ళి హార్వర్డులో ఆ పని చేశారాయన. మన ఒంట్లో కరెంటు కథలో మన గోదావరి బిడ్డకీ చోటుందన్నమాట!

సరే, మట్టినైతే తవ్వి తెచ్చి కొలుస్తాం. మనిషిని కొయ్యకుండా కొలవడమెలా? వెనక హాలండులో ఐంతోవెన్ అనే ఆయన గుండె కరెంటును గీత గీయించడానికి రోగి చేతులూ, కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టించేవాడు. అయితే పైనుంచి తీసే గీత గుండె కొట్టుకునే తీరు చెబుతుంది గాని, లోపల ఏ మూల ఎంత ఉప్పుందో బొమ్మ గీసి చూపించదు. ఆ పనికి ఎం.ఆర్.ఐ. స్కానింగు పనికొస్తుందని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఎం.ఆర్.ఐ. అంటే ఎక్స్‌రే లాంటిదే అనుకునేవాళ్ళు మనలో చాలామంది. కాదండీ. అది ఒక పెద్ద అయస్కాంతం, ఒక రేడియో. మామూలు ఆసుపత్రి యంత్రంలో అయస్కాంతం బలం భూమి అయస్కాంతానికి సుమారు 30 వేల రెట్లు. దానిలోపల పడుకున్న మనకి రేడియో తరంగాలు పంపిస్తారు. చిన్న యంత్రంలో సెకనుకి 6 కోట్ల 40 లక్షల కంపనాలు, పెద్దదానిలో అంతకు రెట్టింపు. మీరు ఎఫ్.ఎం.లో వినే స్టేషన్లన్నీ ఈ రెంటి మధ్యనే ఉంటాయి! ఒంట్లోని నీటి కణాలు ఆ పిలుపుకి బదులు పలుకుతాయి. ఆ బదులే బొమ్మ అవుతుంది.

ఆ తరంగం ఒంట్లోంచి పోయేటప్పుడు, కరెంటు పారే చోట కొంచెం వంగుతుంది, కొంచెం ఆలస్యమవుతుంది. కాలువలో అల వంపు చూసి అడుగున రాయి ఉందో, ఇసుక ఉందో పడవవాడు పోల్చుకోడూ? అలాగే ఆ వంపుని లెక్కగట్టి ఏ చోట కరెంటు ఎంత పారుతుందో చెప్పవచ్చు. 1989లో కెనడాలోని టొరాంటోలో ఒంట్లోకి కొద్దిపాటి కరెంటు పంపి ఎం.ఆర్.ఐ.తో చూశారు. అసలు బయటనుంచి కరెంటే అక్కర్లేదని 1991లో హాకీ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ సూచించారు. 2009లో జర్మనీలో కాచరూ, ఆయన తోటివారూ ఆ పద్ధతిని గట్టిగా నిలబెట్టారు.

దీనితో మనకేమిటి అంటారా? రొమ్ములో వచ్చే చెడ్డ గడ్డల్లో నీరూ, సోడియమూ ఎక్కువగా ఉండి, కరెంటు ఎక్కువ పారుతుందని పరిశోధనల్లో కనబడింది. గడ్డ మంచిదా చెడ్డదా తేల్చడానికి ఇది తోడ్పడుతుందని ఆశ. కాని ఇది ఇంకా పరిశోధనశాలల్లో ఎదుగుతున్న పని. డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదామంటే, "ఆ కొత్త బొమ్మ వచ్చేదాకా ఆగుతానండి" అనకూడదు. చేతికి గడ్డ తగిలితే సిగ్గుపడి, పిల్ల పెళ్ళి అయ్యాక చూద్దాం, పండగ వెళ్ళాక చూద్దాం అని దాచుకోకండి. నొప్పి లేదు గదా అని ఊరుకోకండి. చెడ్డ గడ్డ మొదట్లో తరచు నొప్పి పెట్టదు.

ఒంట్లో కరెంటు పారుతుందన్న మాట తెలిస్తే, స్కానింగు గదిలో వాళ్ళు చెప్పే జాగ్రత్తలు కూడా అర్థమవుతాయి. రేడియో తరంగం కొంత ఒంట్లో వేడిగా మారుతుంది. ఆ వేడి హద్దు దాటకుండా యంత్రానికి మీ బరువు చెబుతారు. అంచేత బరువు అడిగితే మొహమాటపడి తగ్గించి చెప్పకండి. చేతులు రెండూ జోడించి పడుకోకండి, పిక్కలు రెండూ ఆనించకండి. చర్మానికి చర్మం తగిలితే కరెంటు చుట్టు తిరిగి అక్కడ కాలే ప్రమాదం ఉంది. అందుకే మధ్యలో మెత్తలు పెడతారు. జరీ చీర, జరీ అంచు జాకెట్టు పనికిరావు. జరీలో లోహపు పోగు ఉంటుంది. పిన్నులు, గాజులు, మట్టెలు అన్నీ తీయాలి. మంగళసూత్రాలు తీయడానికి మనసొప్పకపోతే, పెద్దలు చెప్పిన దారి ఉండనే ఉంది: పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టుకుని వెళ్ళండి. గుండెకి పేస్‌మేకరు గాని, ఒంట్లో ఇనప ముక్క గాని, మరే పరికరం గాని ఉంటే ముందే చెప్పండి. తోడు వెళ్ళినవారు కూడా లోహం పట్టుకుని లోపలికి పోకూడదు. 2018లో ముంబాయిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్ళిన ఒక బంధువు ప్రాణమే పోయింది.

నేల సంగతి కార్డు చూసి తెలుసుకుంటున్నాం. ఒంటి సంగతి మాత్రం మనంతట మనమే నోరు విప్పి ముందు చెప్పుకోవాలి. ఆ తరవాతే ఏ యంత్రమైనా. ఈ మాట మీ అత్తగారికీ, అప్పచెల్లెళ్ళకీ కూడా చెబుతారు కదూ? సెలవు.